మన సరిహద్దు ఎచ్చట నున్నది?

మన పట్టణములలో ఏ పఠనాలయమునకు బోయి చూచినను గోడమీద ఆసియాఖండపు పటమొకటి వ్రేలాడుచుండును. దానిక్రింద బల్లలపై పత్రికలు పరచుకొని కూర్చున్న పెద్దలు, చీనాదేశపు ప్రసక్తి వచ్చినంతనే లేచి, వ్రేలెత్తి, పటమునందలి ఉత్తరపు గట్టును జూపుదురు. లడఖు, గాల్వాను, డోక్లాము, తవాంగు: ఈ పేర్లు నేడు మనవారికి తమ మండలములోని గ్రామముల పేర్లకంటె బాగుగ దెలియును. తెలియుటలో తప్పులేదు, మన సైనికులు ప్రాణములొడ్డి కాచుచున్న నేల యది. కాని ఆ వ్రేలు నిలువవలసినచోట నిలుచుట లేదని మా యభియోగము. చీనాకును భారతదేశమునకును నడుమ ననుదినము ఇచ్చిపుచ్చుకొనుట జరుగుచున్న సరిహద్దును జూపవలెనన్నచో వ్రేలు చాల దిగువకు రావలెను. అది హైదరాబాదునకు వాయవ్యమున, సంగారెడ్డిజిల్లా జిన్నారము ప్రాంతమున, గడ్డపోతారమనెడి యూరి చెరువుగట్టుమీద నున్నది.

ఈ మాటకు మా పాఠకులు నవ్వవచ్చును. నవ్విన పిమ్మట నొక్కసారి గడ్డపోతారమునకు బోయి రండని మా మనవి. బొల్లారము దాటి కాజిపల్లి మీదుగ బోవునప్పుడు, ఊరు కంటబడకమునుపే ముక్కునకు దెలియును. ఇరువైపుల ఎత్తైన గోడలు, గొట్టములు, ఉక్కుతొట్లు. గేటులయొద్ద వరుసదీరిన లారీలు. వానినుండి దింపుచున్న నీలిరంగు డ్రమ్ములు. ఆ డ్రమ్ములమీది చీటీలలో చీనావ్రాత. ఆ వ్రాత చదువగలవారు ఊరిలో లేరు. డ్రమ్ములోని పదార్థము మాత్రమీ గోడల లోపల రెండుమూడు మార్పులు పొంది, మందుపొడియై, ఎచ్చటనో మాత్రగా నొత్తబడి, తుదకు మన యింటి యలమారలోని జ్వరపుమాత్ర యగుచున్నది. మార్పునందు మిగిలిన మడ్డి ఎచ్చటికి బోవుచున్నదో చెరువు నడిగిన జెప్పును.

కావున ఈ రెండు మహాదేశముల భూగోళమును మరల మొదటినుండి చదువుకొనుట యవసరము. మనము బడిలో జదివిన పాఠము హిమాలయమును ఎక్కి యచ్చటనే నిలిచిపోయినది.

చీనాదేశపు వైశాల్యము సుమారు 96 లక్షల చదరపు కిలోమీటర్లు. మనది సుమారు 33 లక్షలు. మూడింతల దేశము. జనసంఖ్యలో మాత్రము రెండును సమానస్కంధములు; ఇద్దరును 140 కోట్లు దాటినవారే. 2023లో మనమే చీనాను మించితిమని ఐక్యరాజ్యసమితి లెక్కగట్టెను. ఈ రెండంకెలు వినినవారందరు ఒక్క నిర్ణయమునకు వత్తురు: వారికి చోటు విశేషము, మనకు చోటు తక్కువ. ఇది సగము నిజము. 1935లో హు హువాన్యోంగ్ అను చీనా భూగోళశాస్త్రజ్ఞుడు తన దేశపటముమీద ఈశాన్యమున రష్యా యెల్లనున్న ఐహుయినుండి నైరుతిమూల బర్మాయెల్లకు జేరువనున్న తెంగ్‌చోంగువరకు ఒక యడ్డగీత గీచెను. ఆ గీతకు తూర్పున దేశములో నూటికి 36 వంతుల నేల. ఆ నేలమీద నూటికి 96 వంతుల ప్రజ. పడమట మిగిలిన 64 వంతుల నేల టిబెట్టు పీఠభూమి, గోబీ, తక్లమకాను ఎడారులు, గడ్డిమైదానములు. అచ్చట నాలుగువంతుల ప్రజ. తొంబదియేండ్లు గడచినవి, విప్లవము వచ్చినది, రైళ్లు లాసావరకు బోయినవి. ఆ గీత మాత్రము కదలలేదు. నేటికిని తూర్పున 94 వంతుల ప్రజ యున్నది.

ఇక మనదేశము. థారు ఎడారిని, హిమశిఖరములను విడిచినచో ఎచ్చట గుండుసూది గ్రుచ్చినను ఒక పల్లెయు, దానికొక చెరువో బావియో, దానిక్రింద కొంత సాగుభూమియు తగులును. మూడవవంతు దేశమే యైనను సాగుకు లొంగిన నేల మనకే యెక్కువ: సుమారు 15 కోట్ల హెక్టారులు, చీనాకు 13 కోట్లలోపు. ఈ యంకెను మనవారు గొప్పగా జెప్పుకొందురు, చెప్పుకొనదగినదే. కాని దీని రెండవప్రక్క నెవ్వరును జూడరు. ప్రజలేని సగము దేశము మనకు లేదు. మన పెరటి చెత్తను పారవేయుటకు పొరుగువానికున్నట్టి ఖాళీదొడ్డి మనకు లేదు. అట్టి దొడ్డి యుండుట వారికిని మేలు చేయలేదు. 2014లో తెంగ్గెర్ ఎడారి యిసుకలోనికి రసాయనపు మురుగును వదలుట వెల్లడియై చీనాదేశమంతయు నుడికిపోయినది. మనకడ నేది వదలినను ఒకరి పొలములోనికే, ఒకరి బావిలోనికే వదలవలెను. మన భూగోళశాస్త్రమునకు మొదటి సూత్రము ఇది. ఈ సూత్రము నెరుగని వారే మన పారిశ్రామికవాడల పటములు గీచిరి.

ఈ రెండు దేశముల నడుమ గోడ యున్నదనుట నిజమే. సరిహద్దు 3,488 కిలోమీటర్లని మన ప్రభుత్వపు లెక్క. అంత పొడవునను వర్తకులకు దారు లెన్ని కలవు? నాథులా కనుమ 1962లో మూతబడి 2006లో తెరువబడినది. దానిగుండ సాగిన వర్తకము సంతబేరము వంటిది. పర్వతము పర్వతమే. పూర్వమును అంతే: యువాన్ చువాంగ్ ఏడవ శతాబ్దమున మన ధాన్యకటకమునకు వచ్చుటకు మధ్యాసియా ఎడారులన్నియు చుట్టివచ్చెను. ఫాహియాను తిరుగుప్రయాణమున పర్వతమునకు నమస్కరించి ఓడ యెక్కెను. సముద్రమే దారి. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున విదేశవర్తకుల కభయశాసనము వ్రాయించినది ఆ దారికోసమే. నేడు న్హావాషేవా, చెన్నపట్టణము, విశాఖ రేవులలో దిగుచున్న ఇనుపపెట్టెలు ఆ దారినే వచ్చుచున్నవి. 2024-25 సంవత్సరమున చీనానుండి మనము కొనిన సరకు 11,300 కోట్ల డాలర్లకు పైబడినది. మనము వారికి అమ్మినదానిని తీసివేయగా మిగిలిన లోటు 9,900 కోట్ల డాలర్లు. హిమాలయము మీదుగ ఒక్క శత్రుసైనికుడు దిగివచ్చిన మనము నిద్రపోము. రేవులలో ప్రతిదినమును దిగుచున్నదానిని జూచి ఆవులించుచున్నాము.

అందులో మందుల కథ ప్రత్యేకముగ వినదగినది, ఏలయన అది మన తెలుగునేలమీది కథ.

చీనాలో హెబెయి రాష్ట్రమున షిజియాజువాంగ్ అను నగరము కలదు. 1950 దశకమున సోవియట్టు రష్యా సాయముతో అచ్చట నొక గొప్ప పెన్సిలిను కర్మాగారము కట్టబడి 1958లో నడువనారంభించెను. మరి కొలదియేండ్లకే, అదే రష్యా సాయముతో, మన హైదరాబాదు బాలానగరునొద్ద ఐ.డి.పి.ఎల్. వారి కర్మాగారము వెలసెను. ఒకే తల్లిపాలు త్రాగిన యిద్దరు పిల్లలనుకొనుడు. ఐ.డి.పి.ఎల్. లో చేతులు తిప్పుకొని రసాయనవిద్య నేర్చిన తెలుగు పిల్లలు పలువురు, 1970 నాటి పేటెంటు చట్టము 1972లో అమలునకు వచ్చి దారి తెరువగా, బయటికి వచ్చి స్వంత కంపెనీలు పెట్టిరి. జీడిమెట్ల, బొల్లారము, పటాన్‌చెరువు, పాశమైలారము, కాజిపల్లి, గడ్డపోతారము: ఈ వరుస అంతయు ఆ సంతతియే. దొరల పేటెంట్లను కాదని ప్రపంచపు బీదలకు చవుకగా మందిచ్చినవారు వీరు. ప్రపంచమున వాడబడు జెనెరికు మందులలో, పరిమాణమునుబట్టి, అయిదింట నొకవంతు మనదేశమునుండి పోవుచున్నదని లెక్క. ఆఫ్రికాఖండమున క్షయరోగికిని, ఎయిడ్సురోగికిని ప్రాణమునిలిపిన పొడి ఈ మెదకుసీమ రాళ్లమీద వండబడినదన్నచో మేమును గర్వించుచున్నాము. ఈ వ్యాసమును చదివి మమ్ము పరిశ్రమద్వేషులనువారు ఈ మాటను గురుతుంచుకొనవలెను.

అటుపిమ్మట నేమి జరిగెను? మందు తయారగుటకు పది మెట్లున్నచో, క్రిందిమెట్లు, అనగా అధికముగ మడ్డి మిగుల్చునవి, అధికముగ విద్యుత్తు త్రాగునవి, లాభము పలుచనివి, ఒక్కొక్కటిగ చీనాకు బోయినవి. పెన్సిలినువంటి పులియబెట్టి చేయు మందులకు మహాభాండములు రేయింబవళ్లు ఆగక కలియదిప్పబడవలెను; కరెంటు గంటసేపు నిలిచినచో తొట్టి తొట్టియంతయు పాడగును. ఆహారముగ మొక్కజొన్న చక్కెర కావలెను. చీనాకు మొక్కజొన్న సముద్రమువలె కలదు. మన పంట వారి పంటలో సుమారు ఏడవవంతు. బొగ్గుగనుల ప్రక్కనే, మొక్కజొన్న చేలప్రక్కనే, అంతర మంగోలియాలో వారు పెన్సిలిను తొట్లు నిలిపిరి. మన మెదకు, సిద్దిపేట రైతు పండించిన మొక్కజొన్న కోళ్లమేతకు బోవుచుండగా, ఆ కోళ్లకు వేయు మందునకు ముడిసరకు చీనానుండి వచ్చుచున్నది! భూగోళమును వారు ఇట్లు వాడుకొనిరి. వారి ప్రభుత్వము వెల తగ్గించి యమ్మించెను. మన ప్రభుత్వపు కొనుగోలుదారులు ఎవ్వడు తక్కువ చెప్పిన వానికే టెండరు కట్టబెట్టిరి. మన పెన్సిలిను భాండము లొకటొకటిగ చల్లారినవి. నేడు మనము విదేశములనుండి తెచ్చుకొను మందుముడిసరకులో, వెలనుబట్టి, నూటికి 70 వంతుల వరకు చీనాదే.

2020లో దీని ఫలము కంటబడినది. హుబెయి రాష్ట్రమున మహమ్మారి పుట్టి చీనా రేవులు మూతబడగానే, మార్చి 3వ తేదీన మన ప్రభుత్వము పారాసిటమాలు మొదలైన 26 మందులను ముడిసరకులను విదేశములకు పంపరాదని కట్టడి చేసెను. జ్వరపుమాత్ర! ప్రపంచపు మందులకొట్టు అనిపించుకొన్న దేశము జ్వరపుమాత్రకై దిక్కులు చూచెను.

అదే సంవత్సరము జూన్ 15వ తేదీ రాత్రి గాల్వాను లోయలో మన సైనికులు ఇరువదిమంది నేలకొరగిరి. వారి నాయకుడు కర్నలు సంతోష్ బాబు మన సూర్యాపేటవాడు. ఆయన నడిపినది బీహారు రెజిమెంటు పటాలము. దేశమంతటను చీనావస్తువుల బహిష్కారపు కేకలు లేచినవి. టెలివిజను పెట్టెలను మేడమీదినుండి పడవేసి పగులగొట్టినవారి చిత్రములు పత్రికలలో జూచితిమి. పగులగొట్టుట సులువు, డబ్బిచ్చి కొనినది పగులగొట్టువానిదేగదా. ఆ మేడమీదివారిలో ఎవ్వరైనను తమ బొట్టుపెట్టెలోని మధుమేహపు మాత్రలను, రక్తపోటు మాత్రలను వీధిలో గ్రుమ్మరించిరా? గ్రుమ్మరింపలేరు. ఏలయన అవి చీనావని వారికి తెలియదు, తెలిసినను మానలేరు. 1905లో విదేశవస్త్రములను మంటలో వేసినవారికి ఇంట చేనేత యుండెను. మగ్గమును ముందు నిలిపి మంట పిమ్మట పెట్టుట స్వదేశీధర్మము. మనము మగ్గమును తుక్కుకొట్టునకు అమ్మి మంట పెట్టుచున్నాము.

ఇంతకంటె విచిత్రము బ్రహ్మపుత్ర గోల. 2025 జూలైలో చీనా ప్రధాని లీ కియాంగ్ టిబెట్టులో యార్లుంగ్ త్సాంగ్పో పెద్దవంపునొద్ద 60,000 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రమునకు శంకుస్థాపన చేసెను. భూకంపముల సీమలో అంత పెద్ద కట్టడమును, దిగువదేశముతో ఒప్పందము లేక కట్టుట అన్యాయమే, మేమును ఖండించుచున్నాము. అస్సాము రైతుకు అది ప్రాణసమస్య. కాని బ్రహ్మపుత్ర నీటిలో నధికభాగము మన వైపున గురియు వానవలననే చేరుచున్నదను సంగతి గూడ తెలిసికొనవలెను. హైదరాబాదు పఠనాలయములో కూర్చుండి త్సాంగ్పో నీటికై కంట తడిపెట్టు మహాశయుని, “అయ్యా, నక్కవాగు ఎచ్చట పుట్టి ఎందు గలియును?” అని యడిగినచో నోరు పెగలదు. రెండువేల కిలోమీటర్ల యవతల పొరుగువాడు మన నీటి నాపునేమో యని భయము. ముప్పది కిలోమీటర్లలోపల మన నీటిని మనమే చంపుకొనుచుండగా భయము లేదు.

ఇప్పుడు గడ్డపోతారపు నేలను చూడుడు. హిమాలయము భూగోళమునకు నిన్నమొన్నటి బిడ్డ. ఇంకను ఎదుగుచునే యున్నది. గడ్డపోతారము క్రింది నల్లరాయి, ఎర్రరాయి 250 కోట్ల సంవత్సరములనాటివి. ఈ రాతిలో నీరు నిలుచు పొర మందము కాదు. పైన చిలికిన మొరము కొంత, దాని క్రింద రాతి పగుళ్లు. నీరున్నచో ఆ పగుళ్లలోనే. ఏటికి ఎనుబది తొంబది సెంటీమీటర్ల వాన, అదియు నాలుగు నెలలలో. జీవనది లేదు. ఇట్టి సీమలో మన పెద్దలు వాలునుబట్టి చెరువు క్రింద చెరువును గొలుసుగా కట్టిరి; పైచెరువు అలుగు పారినచో క్రిందిచెరువు నిండును. కాజిపల్లి చెరువు అలుగునీరు వాగులవెంట దిగి నక్కవాగును గలిసికొని మంజీరకు బోవును, మంజీర కందకుర్తికడ గోదావరిలో గలియును. ఈ గొలుసునకు పైకొసన, ఎచ్చట నొక్క చుక్క పడినను కట్టకడవరకు బోవుచోట, దేశములోని అతికలుషమైన పరిశ్రమను నిలిపిరి! నీరు పోయుమార్గమున విషపుకడవ దించుటకు వేరుచోటు దొరకలేదా? వెనుకబడిన ప్రాంతము, భూమి చవుక, నగరము దగ్గర: ఇదియే నాటి యధికారుల భూగోళశాస్త్రము. అదే పటాన్‌చెరువులో, వాననీటి కరవుసీమలలో పంట లెట్లు పండింపవలెనో ప్రపంచమునకు నేర్పుటకై 1972లో ఇక్రిశాటు అను అంతర్జాతీయసంస్థ వెలసినది. ఒక గోడ కివతల నీటిచుక్క విలువను లోకమునకు బోధించుట, ఆవల దానిని పాడుచేయుట.

ఎంత పాడైనదో మా మాట వినవలదు. 2007లో స్వీడనుదేశపు శాస్త్రజ్ఞులు పటాన్‌చెరువులోని ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని, అనగా శుద్ధి జరిగిన పిమ్మటి నీటిని, పరీక్షించి ప్రకటించిరి. లీటరొక్కటికి 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిను! మందు మ్రింగిన రోగి రక్తములో నుండుదానికంటె ఇది యధికము. దినమునకు సుమారు 45 కిలోల మందు ఆ కాలువలో బోవుచున్నదనియు, అది స్వీడను ప్రజలందరును అయిదుదినములలో వాడు మందుతో సమానమనియు వారు లెక్కించిరి. 2014లో మరియొక పరిశోధన వెలువడినది; ఈ మారు కాజిపల్లి చెరువే. మందులకు లొంగని శక్తినిచ్చు జీనులు ఆ చెరువులో స్వీడను చెరువునందుకంటె ఏడువేల రెట్లు కనబడినవి. దీని యర్థమును సులువుగ జెప్పెదము. సూక్ష్మక్రిమికి దినదినము కొంచెము కొంచెముగ విషము పెట్టి పెంచినచో అది విషమునకు జంకని జెట్టి యగును. గడ్డపోతారపు చెరువు క్రిములకు సాముగరిడీ. అచ్చట సాము నేర్చిన క్రిమి అచ్చటనే కూర్చుండదు. బస్సెక్కును, రైలెక్కును, మన పట్టణపు ఆసుపత్రిలో మంచముమీది బాలింతను పలుకరించును. మందు చేయు ఊరే మందు పనిచేయకుండ జేయుచున్నది.

ఈ సంగతి యూరివారు స్వీడనువారికంటె ముందే యెరుగుదురు. పటాన్‌చెరువు వైద్యుడు కీర్తిశేషుడు కిషన్ రావుగారు రోగుల నాడి పట్టుకొని చూచి, రోగము దేహములో గాక వాగులో నున్నదని చెప్పి, జీవితమంతయు పోరాడెను. 1990లో సుప్రీంకోర్టున వేసిన వ్యాజ్యము హైకోర్టునకు దిగి, హరితట్రిబ్యునలునకు మారి, 2017లో తీర్పు పొందెను. ఇరువదియేడేండ్లు! వ్యాజ్యము వేసిననాడు పుట్టిన బిడ్డ తీర్పునాటికి తండ్రియైయుండును. నడుమ అధికారులు కనిపెట్టిన యుపాయము వేరొకటి కలదు. పటాన్‌చెరువు మురుగును పదునెనిమిది కిలోమీటర్ల గొట్టమున నగరపు మురుగుకాలువలోనికి ఎత్తి అంబరుపేటకు, అచ్చటినుండి మూసీకి పంపుట. మంజీర గోదావరికి బోవును. మూసీ కృష్ణకు బోవును. గోదావరి పాపమును కృష్ణకు దానము చేసిరి. మెదకు రైతు బాధ నల్లగొండ రైతునకు సంక్రమించెను. నదీజలముల పంపకములో ఇంత యుదారముగ వ్యవహరించిన ప్రభుత్వమును మేమెన్నడును చూడలేదు.

నేలసంగతి యిట్లుండ, మనుషుల సంగతి కొంత చెప్పవలెను. చీనాలో పడమటి పల్లెలనుండి తూర్పుతీరపు కర్మాగారములకు వలసబోయిన కూలీలు దాదాపు 30 కోట్లమంది. 1958లో బెట్టిన కుటుంబపు నమోదుచట్టముచేత వారికి పనిచేయు నగరమున పూర్తి పౌరహక్కు లేదు. బిడ్డకు బడి చిక్కుట కష్టము. ఇది నిరంకుశత్వమని మనవారు విమర్శింతురు. మంచిది. గడ్డపోతారమున నట్టి చట్టము లేదు; అయినను బీహారు, ఒడిస్సా, జార్ఖండు, ఉత్తరప్రదేశములనుండి వచ్చినవాడు పదిమందితో నొక రేకులగదిలో గాపురముండి, కంట్రాక్టరు చీటీమీద రియాక్టరుకడ నిలుచుచున్నాడు. కంపెనీ జాబితాలో వాని పేరుండునో లేదో! 2025 జూన్ 30వ తేదీ ఉదయము, ఇచ్చటికి చేరువనున్న పాశమైలారమున, మాత్రలలో గలుపు పొడిని జేయు కర్మాగార మొకటి ప్రేలిపోయెను. ఏబదిమందికి మించి మరణించిరి. అందు ఎనమండుగురి శరీరములు సయితము దొరకలేదు. పోయినవారిలో పలువురు బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిస్సా బిడ్డలు. ఎముకముక్కలను రక్తసంబంధుల రక్తముతో పోల్చి ఎవ్వరిదేదో తేల్చుటకు దినములు పట్టెను.

గాల్వానులో పడినది బీహారు రెజిమెంటు. పాశమైలారమున పడినవారిలోను బీహారు బిడ్డలున్నారు. సూర్యాపేట చౌరాస్తాలో కర్నలుగారికి విగ్రహము నిలిపితిమి, నిలుపదగినదే. ఆ సూర్యాపేటనుండి పడమటికి బోవు 65వ నంబరు రాజమార్గమే పటాన్‌చెరువును దాటి సోలాపురమునకు బోవును. సోలాపురము డాక్టరు ద్వారకానాథ్ కోట్నిసు పుట్టిన యూరు. జపానుతో బోరాడుచున్న చీనావారికి వైద్యముచేయుటకై 1938లో మన కాంగ్రెసు పంపిన వైద్యబృందములో నాతడు వెళ్లి, 1942లో అచ్చటనే ప్రాణము విడిచెను. ఆయన సమాధి షిజియాజువాంగ్ నగరమున నున్నది. మునుపు మేము చెప్పిన పెన్సిలిను నగరము. ఆనాడు మందులకు ముఖము వాచిన ఆ దేశమునకు మనము వైద్యుని పంపితిమి. నేడు మందు వారికడ నున్నది.

ఇంతవరకు బహిష్కారవాదులతో మాటలాడితిమి. వారికెదురుగ మరియొక పక్షము కలదు. వీరు లెక్కలు తెలిసిన పెద్దమనుషులు. “చవుకగ దొరకునప్పుడు కొనుట తప్పేమి? మురికిపని చీనావారు చేసికొనుచుండగా మనకు నష్టమేమి?” అని వీరి వాదము. 2020 మార్చిలో వీరెచ్చట నుండిరో తెలియదు. మురికియంతయు వారికి పోయినదనుట గూడ అబద్ధము. పోయినది క్రిందిమెట్ల లాభము, మిగిలినది పైమెట్ల మురికి. వారిలో కొందరీమధ్య స్వరము మార్చి, “చీనాతో పోటీపడవలెనన్నచో కాలుష్యపు నిబంధనలు సడలింపవలెను, దేశముకొరకు కొన్ని గ్రామములు కొంత సహింపవలెను” అనుచున్నారు. దేశభక్తి పేరట ఈ మాట చెప్పుచున్నందున దీనికి గట్టిగ బదులు చెప్పవలసియున్నది.

చీనా ఇట్లే సహించినది; ఫలము ననుభవించినది. 2007లో తాయిహు సరస్సు పచ్చని పాచిపట్టి కంపుగొట్టి, వుషి నగరమున ఇరువదిలక్షలమందికి త్రాగునీరు లేకపోయెను. 2019 మార్చి 21వ తేదీన జియాంగ్సు రాష్ట్రము షియాంగ్షుయిలో రసాయనపువాడ ప్రేలి 78 మంది చచ్చిరి. అప్పుడు వారేమి చేసిరి? ఆ వాడను మూసిరి. అంతకుముందునుండియే వందలకొలది ఫ్యాక్టరీలకు తాళములు వేయుచుండిరి. మనకడ ముడిసరకు వెలలు పెరిగినదందువలననే. 2021 మార్చి 1వ తేదీనుండి అమలైన యాంగ్జీనది రక్షణచట్టముచే ఆ నదికిని ముఖ్యోపనదులకును ఒక కిలోమీటరులోపల క్రొత్త రసాయనపువాడ పెట్టరాదని శాసించిరి. నిరంకుశప్రభుత్వమునకు నదిమీదనున్నపాటి కనికరము ప్రజాప్రభుత్వమునకు వాగుమీద లేకుండుట మనకు తలవంపు. వారు విడిచిన మార్గమున మనము వారిని దాటిపోవలెనట!

సముద్రతీరమునకు పంపుడను సలహా గూడ కలదు. 2024లో కాకినాడ చేరువ పెన్సిలిను-జి కర్మాగారము నడువనారంభించినది. పోయిన మగ్గమొకటి ఇల్లు చేరినదని మేము సంతసించితిమి. అనకాపల్లిజిల్లా నక్కపల్లికడ మందుల ముడిసరకునకై గొప్పవాడ నిర్మించుచున్నారు. నల్లరాతి చెరువులకంటె అచ్చట నీటికి కొరతలేదు, రేవు దగ్గర. కాని సముద్రము సయితము ఖాళీదొడ్డి కాదు. దానికిని గ్రామములున్నవి, 2025లో రాజయ్యపేట మత్స్యకారులు వలలు విడిచి రోడ్డెక్కినది ఆ సంగతి చెప్పుటకే. 2024లో లగచర్ల రైతులు భూమి ఇయ్యమని తిరుగబడగా ప్రభుత్వము ప్రకటనను వెనుకకు తీసికొనెను. ఎచ్చటికి బోయినను ప్రజ అడ్డము తగులుచున్నదని యధికారులు విసుగుకొనుచున్నారు. ప్రజ లేనిచోటు ఈ దేశమున లేదని ముందే చెప్పితిమి. గడ్డపోతారమును కన్నులార చూచిన ప్రజ, నమ్ముమన్నచో ఎట్లు నమ్మును? రాజయ్యపేటవారిని పోలీసులచేత నొప్పింపజూచుటకంటె కాజిపల్లి చెరువును బాగుచేసి చూపుట చవుక.

మేము కోరునది ఆకాశకుసుమము కాదు. మురుగు ఫ్యాక్టరీ గోడ దాటకమునుపే శుద్ధి కావలెను, శుద్ధియైనదో లేదో కొలుచుటలో మందు శేషమును గూడ కొలువవలెను. ఇతర ద్రవ్యములకు హద్దులు పెట్టి, అసలు విషమునకు మాత్రము హద్దు లేకుండుట హాస్యాస్పదము. 2020లో అట్టి హద్దులతో ముసాయిదా ప్రకటించిన కేంద్రప్రభుత్వము పిమ్మట వానిని విడిచిపెట్టినది, మరల తేవలెను. సర్కారు ఆసుపత్రులకు మందు కొనునప్పుడు అందరికంటె తక్కువ చెప్పినవానికే యిచ్చు పద్ధతి పోయి, నీటిని పాడుచేయక చేసినవానికి కొంత హెచ్చు వెల యియ్యవలెను. ఆ హెచ్చును ప్రజలు భరింపవలెను. మేమును భరించెదము, పోయిన వారము జ్వరముపడి మేమును ఆ మాత్రలే మ్రింగితిమి. గేటు లోపలికి పోవు ప్రతి కూలీ పేరును, ఊరును జాబితాలో నుండవలెను, ప్రేలుడు జరిగిన పిమ్మట లెక్కవేయుట కాదు. పెన్సిలినువలె పోయిన క్రిందిమెట్లను, ఈ షరతులతో, సర్కారు పెట్టుబడితోనైనను, ఇంటికి తెచ్చుకొనవలెను.

పఠనాలయముల కార్యదర్శులకొక్క మనవి. ఆసియాపటమును తీయవలదు. దానిప్రక్కన సంగారెడ్డిజిల్లా చెరువుల పటమొకటి వ్రేలాడదీయుడు, సర్వేశాఖవారికడ దొరకును. కాలుష్యనియంత్రణ మండలివారు గడ్డపోతారము, కాజిపల్లి, బొల్లారము చెరువుల నీటిని పరీక్షించిన వివరములను తెలుగులో వ్రాసి నెలనెల పంపుడని వారిని మేమిదివరకే కోరియున్నాము. అవి మాకు చేరిననాటినుండి ప్రతిమాసము ఈ పుటయందే, ఈ చోటనే, ప్రకటింప సిద్ధముగ నున్నాము.